తుఫాను వానకు ముందు ఊరు ఖాళీ చేయించాల్సింది ఎవరు? కలెక్టరా, తహసీల్దారా, సర్పంచా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు వాగు పక్కన తండా. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానకు కాజ్‌వే (వాగు మీది లోలెవెల్ దారి) మునిగి రెండు రోజులు రాకపోకలు బందయ్యాయి. ముందే జనాన్ని తరలించాల్సింది ఎవరని అడిగితే సర్పంచ్ తహసీల్దార్‌ను చూపిస్తున్నారు, తహసీల్దార్ ఆఫీసులో పైనుంచి ఆర్డర్ రాలేదంటున్నారు. అమెరికాలో హరికేన్ వస్తే మేయరో గవర్నరో ఆర్డర్ ఇస్తారట, మనకు అలాంటి మనిషి ఎవరు?

అన్నా, మనకూ ఉన్నారు. జిల్లా కలెక్టర్. ఇందులో అనుమానం అక్కర్లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 25 ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. దానికి కలెక్టర్ అధ్యక్షులు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ సహాధ్యక్షులు. ఎస్పీ, జిల్లా వైద్యాధికారి సభ్యులు. పరిషత్ పాలకవర్గం లేని కాలంలో కూడా కలెక్టర్ బాధ్యత అట్లాగే ఉంటుంది. అదే చట్టం సెక్షన్ 34 చదవండి. ముప్పు ముంచుకొస్తున్నప్పుడే ఆ ప్రాంతంలోకి బండ్లను, మనుషులను రానివ్వకుండా ఆపడం, ఉన్నవాళ్ల కదలికలను నియంత్రించడం, కాపాడటం, ఆశ్రయం, తిండి, నీళ్లు ఏర్పాటు చేయడం, ఏ శాఖ దగ్గరున్న సామాన్లనైనా వాడుకోవడం, అవసరమైన ఇతర చర్యలు తీసుకోవడం, అన్నీ జిల్లా సంస్థ చేతిలో పెట్టారు. విపత్తు వచ్చిపోయాక మాత్రమే అని ఎక్కడా లేదు. కాబట్టి "పైనుంచి ఆర్డర్ రాలేదు" అన్న మాటకు అర్థం, హైదరాబాద్ నుంచి రాలేదని అయితే అది సరికాదు. కలెక్టర్‌కు ఆ అధికారం చట్టమే ఇచ్చింది. కలెక్టరేట్ నుంచి రాలేదని అయితే, అడగాల్సిన చోటు కలెక్టరేట్.

అమెరికా సంగతి కూడా ఇంతే. అక్కడ ఖాళీ చేయమనే ఆర్డర్ నగరం, కౌంటీ, రాష్ట్ర గవర్నర్ స్థాయిలోనే వస్తుంది, కేంద్ర సంస్థ అయిన ఫీమా ఇవ్వదు. 2005లో కత్రినా హరికేన్ ఆగస్టు 29 తెల్లవారుజామున తీరం తాకితే, న్యూ ఆర్లియన్స్ మేయర్ తప్పనిసరిగా ఖాళీ చేయాలని చెప్పింది ఆగస్టు 28 పొద్దున. కార్లున్నవాళ్లు వెళ్లిపోయారు. కార్లు లేని పేదలు, ముసలివాళ్లు, రోగులు వేల సంఖ్యలో చిక్కుకుపోయారు. వాళ్లను తీసుకెళ్లగలిగిన స్కూలు బస్సులు డిపోలోనే మునిగిపోయాయి. ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఉన్నా బండి, డ్రైవరు, గంటల లెక్క లేకపోతే ఆ ఆర్డర్ కాగితమే. మన దగ్గర జరిగే తప్పు కూడా ఎక్కువగా ఇదే చోట ఉంటుంది.

కలెక్టర్ కింద గొలుసు చూద్దాం. రెవెన్యూలో ఆర్డీవో, తహసీల్దార్. పోలీసులో ఎస్పీ, డీఎస్పీ, ఎస్సై. పంచాయతీలో డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి), ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి), పంచాయతీ కార్యదర్శి. నీటిపారుదలలో ఇంజినీర్లు: ఈఈ, డీఈ, ఏఈ. తండా దగ్గరికి నిజంగా వచ్చి జనాన్ని బండెక్కించే వాళ్లు తహసీల్దార్, ఎస్సై, ఎంపీడీవో, ఈ ముగ్గురు. పంచాయతీకి కూడా సెక్షన్ 41 కింద బాధ్యత ఉంది: సిబ్బందికి ముందే పని నేర్పాలి, సామాన్లు వాడకానికి సిద్ధంగా ఉంచాలి, సహాయం అందించాలి. ఎవరినైనా బలవంతంగా ఇంట్లోంచి కదిలించే అధికారం సర్పంచ్‌కు లేదు. కానీ చాటింపు వేయించడానికి, బడి తాళం తీయించడానికి, ఊళ్లో ట్రాక్టర్లను మాట్లాడి పెట్టడానికి ఆయనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంతకన్నా ముఖ్యంగా, నీళ్లొస్తున్నాయని తెలిసిన కుటుంబం తనంతట తాను కదలడానికి ఏ ఆర్డరూ అక్కర్లేదు.

ఈ గొలుసులో మన జిల్లాల్లో ఒక కొక్కెం వదులైంది, దాన్ని గుర్తించాలి. ఒకప్పుడు ఊరికి నీరటి ఉండేవాడు. చెరువు ఎంత నిండింది, అలుగు ఎంత పారుతోంది, తూము దగ్గర ఊట ఉందా అని చూసి చెప్పడం అతని పని. తెలంగాణలో 2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టులు రద్దయ్యాయి, 2023లో వీఆర్ఏలను (గ్రామ రెవెన్యూ సహాయకులను) వేరే శాఖల్లో కలిపారు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చారు. వాళ్లలో చాలామంది పాత వీఆర్వో, వీఆర్ఏలే అయినా, రాత్రి రెండు గంటలకు కట్ట మీదికి వెళ్లి చూసే పని ఎవరిదో చాలా ఊళ్లలో ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదు. మీ పంచాయతీలో ఈ ఒక్క పేరు, ఫోన్ నంబరుతో సహా, రాసి బోర్డు మీద పెట్టించండి. మిగతా ఏర్పాట్లన్నిటికన్నా ఇది ముందు కావాలి.

ఇక తుఫాను. మన దక్షిణ తెలంగాణ సముద్రం ఒడ్డు కాదు, గాలికి ఇండ్లు లేచిపోయే ప్రాంతం కాదు. మనల్ని ముంచేది తీరం దాటాక లోపలికి వచ్చే వాన. అది తుఫాను అని పేరు పెట్టుకొని వస్తుందన్న నమ్మకం కూడా లేదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే, తుఫాను స్థాయికి రాలేదు. అదే రాత్రి హైదరాబాద్ పక్కన ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్రలను పొంగించింది కూడా పేరున్న తుఫాను కాదు. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. డ్యామ్ లెక్కగట్టిన వరద 19 లక్షలు. రాజోలి, అలంపూర్ మునిగాయి, అవతలి ఒడ్డున కర్నూలు మునిగింది. టీవీలో తుఫాను పేరు వినపడేదాకా ఆగుదామనుకునే ఊరు ఇలాంటి వానల్లోనే దెబ్బతింటుంది.

చూడాల్సింది వాతావరణ శాఖ బులెటిన్. తుఫాను హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి: 72 గంటల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటిన తర్వాత ఏం జరుగుతుందన్న అంచనా. మొదటి మూడు కోస్తా జిల్లాల కోసం. నాలుగోది మన కోసం, ఎందుకంటే లోపలి జిల్లాల్లో వాన ఎక్కడ ఎంత అన్నది అందులోనే ఉంటుంది. చాలామంది అధికారులు కూడా తీరం దాటిందనగానే టీవీ కట్టేస్తారు. దక్షిణ తెలంగాణకు అసలు పని మొదలయ్యేది అప్పుడే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ. హెచ్చరికల రంగుల్లో ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే పని మొదలుపెట్టమని. వాగు అవతలి తండాకు మాత్రం ఆరెంజ్‌కే కదలాలి. రెడ్ వచ్చేసరికి కాజ్‌వే మీద నీళ్లుంటాయి.

నీళ్లు మూడు రకాలుగా వస్తాయి, ఒక్కోదానికి ఒక్కో గడువు. అందరికీ ఒకే ప్లాన్ వేయడం వల్లే ప్లాన్లు పనిచేయవు.

కృష్ణా వరద చెప్పి వస్తుంది. ఆల్మట్టి, నారాయణపూర్‌ల నుంచి వదిలిన నీరు జూరాలకు చేరడానికి వ్యవధి ఉంటుంది. కేంద్ర జల సంఘం జూరాల, శ్రీశైలం, సాగర్‌లకు ఇన్‌ఫ్లో అంచనాలు ఇస్తుంది. గేట్లెత్తే ముందు ప్రాజెక్టు ఇంజినీర్లు దిగువ జిల్లాల కలెక్టర్లకు సమాచారమివ్వాలి, సైరన్ మోగించాలి. 2021 డ్యామ్ భద్రతా చట్టం పెద్ద డ్యామ్‌లకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తప్పనిసరి చేసింది. ఇక్కడ చిక్కుకునేది ఊళ్లకన్నా నదిలోకి దిగినవాళ్లు: నది మధ్య గడ్డల మీద గొర్రెల కాపర్లు, శ్రీశైలం వెనుకజలాల ఒడ్డున గుడిసెలు వేసుకున్న జాలర్లు, మోటార్లు తీయడానికి దిగిన రైతులు. గద్వాల దగ్గర గుర్రంగడ్డ లాంటి దీవి గ్రామం అయితే జూరాల గేట్లెత్తగానే పడవ ఆగిపోతుంది. అక్కడ నెలలు నిండిన గర్భిణులను, డయాలసిస్ రోగులను వరద రోజున కాదు, జూలైలో ఎగువన ప్రాజెక్టులు నిండుతున్నాయన్న వార్తకే ఇవతలికి తేవాలి. వాళ్ల పేర్లు ఆశా కార్యకర్త దగ్గర ఉంటాయి.

మూసీ వరద మధ్యరకం. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే కొన్ని గంటల్లో బీబీనగర్ దగ్గర రుద్రవెల్లి, వలిగొండ దగ్గర సంగెం లోలెవెల్ వంతెనల మీదికి నీళ్లెక్కుతాయి, ఆ తర్వాత కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టు. 2025 సెప్టెంబరు 26 రాత్రి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చాయి. ఆ వార్త చూసినప్పుడే యాదాద్రి భువనగిరి జిల్లా వాళ్లు బారికేడ్లు పెట్టాలి, తమ దగ్గర వాన లేకపోయినా. ఆకాశం తెల్లగా ఉండగా వరద రావడం వల్ల జనం నమ్మరు, బండి దింపుతారు.

మూడోది వాగులు, చెరువులు. ఇదే ఎక్కువ మందిని పొట్టనపెట్టుకునేది. డిండి, హాలియా, పాలేరు వాగుల మీద వాన పడ్డ గంటా రెండు గంటల్లో వరద వచ్చిపడుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడి అదీ తెగుతుంది. అలుగు పారడం మంచిదే, చెరువు తన పని తాను చేస్తోందని అర్థం. భయపడాల్సింది వేరే గుర్తులకు. కట్ట అడుగున లేదా తూము పక్కన ఊట నీరు తేటగా ఉంటే గమనించండి, బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, అప్పుడు కింది ఇండ్లను వెంటనే ఖాళీ చేయాల్సిందే. కట్ట పైభాగం ఒకచోట కుంగడం, చీలిక కనపడటం, కట్ట మీద చెట్టు ఒరగడం కూడా అంతే. కట్టలు తెగడానికి మన చేతులారా చేసే కారణాలు రెండున్నాయి. చేపలు పోకుండా అలుగుకు అడ్డంగా జాలీలు, వలలు కడతారు. చెత్త, తుంగ వాటికి పట్టుకొని అలుగు మూసుకుపోయి నీరు కట్ట మీదికెక్కుతుంది. రెండోది, ఇంకో తడికి నీళ్లుంటాయని అలుగు మీద ఇసుక బస్తాలు వేసి ఎత్తు పెంచడం. ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన రోజే ఈ రెండూ తీయించాలి. మత్స్య సహకార సంఘంతో గొడవ అవుతుందని వెనకాడొద్దు, ఎస్సైని పక్కన పెట్టుకొని తీయించండి.

కాలువ గండ్లు కూడా ఇందులోకే వస్తాయి. 2024 సెప్టెంబరు 1న సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండిపడింది. నది దగ్గరలేని ఊరికి వరద ఎట్లా వస్తుందనుకోకూడదు.

ఇప్పుడు గంటల లెక్క. కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఇది మనసులో వేస్తే ఎప్పుడూ తక్కువే తేలుతుంది. 60 ఇండ్ల తండా, 250 మంది. బైకుల మీద 60 మంది పోతారనుకుందాం, 190 మంది మిగిలారు. బస్సు తండాదాకా రాదు, ట్రాక్టరే. ట్రాలీలో పిల్లలు, ముసలివాళ్లు, మూటలతో 20 మందికి మించి ఎక్కించకూడదు. 5 కిలోమీటర్ల మట్టి రోడ్డు మీద వానలో పోవడానికి 25 నిమిషాలు, ఎక్కడం దిగడం 20, తిరిగి రావడం 20. ఒక ట్రిప్పు గంటకు పైనే, 70 నిమిషాలు అనుకోండి. రెండు ట్రాక్టర్లయితే 5 ట్రిప్పులు, దాదాపు ఆరు గంటలు. నాలుగయితే 3 ట్రిప్పులు, మూడున్నర గంటలు. అక్టోబరు చివర్లో మనకు ఐదున్నర దాటితే చీకటి పడుతుంది, చివరి ట్రిప్పు అప్పటికల్లా కాజ్‌వే దాటాలి. నాలుగు ట్రాక్టర్లున్న తండా మధ్యాహ్నం రెండింటికి కదలాలి, చాటింపు పన్నెండుకు, నిర్ణయం పదకొండుకు. రెండు ట్రాక్టర్లే ఉంటే నిర్ణయం పొద్దున ఎనిమిదిన్నరకే జరిగిపోవాలి. కలెక్టర్ టెలికాన్ఫరెన్స్ పదకొండింటికి పెట్టి, మండలానికి సాయంత్రం నాలుగింటికి మెసేజ్ చేరితే, చట్టప్రకారం ఆర్డర్ ఇచ్చినట్టే, తండాకు మాత్రం ఇవ్వనట్టే. అందుకే వాగు అవతలి ఆవాసాల జాబితాను ముందే సంతకం చేసి పెట్టి, ఆరెంజ్ రాగానే తహసీల్దార్ మళ్లీ అడగకుండా కదిలించేలా కలెక్టర్ రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ఉంచాలి. దక్షిణ తెలంగాణలో ఈ ఒక్క కాగితం సగం ప్రాణాలను కాపాడుతుందని నా గట్టి అభిప్రాయం.

కాజ్‌వే మీద నీళ్లెక్కితే తరలింపు ఆపేయాలి. పారే నీరు అర అడుగుంటే నిలబడ్డ మనిషి కాళ్లు లాగేస్తుంది, అడుగుంటే కారు తేలుతుంది, రెండడుగులకు దాదాపు ఏ బండైనా కొట్టుకుపోతుంది. ట్రాక్టర్ బరువు చూసి ధైర్యం చేయొద్దు. ట్రాలీ పక్కకు తిరిగితే ఇంజన్‌ను కూడా లాక్కుపోతుంది. పైగా నీళ్ల కింద స్లాబు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనపడదు. అప్పుడు చేయాల్సింది తండాలోనే ఎత్తయిన చోటికి చేర్చి, 112కు గానీ జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు గానీ ఫోన్ చేసి, ఎంతమంది, వారిలో నడవలేని వాళ్లెందరు, పడవ ఆనగలిగే చోటు ఏది అని చెప్పడం. అగ్నిమాపక శాఖ కిందనున్న రాష్ట్ర విపత్తు స్పందన దళం, ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందం కలెక్టర్ అడిగితే వస్తాయి. ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది, దాని బృందాలు హైదరాబాద్‌లోనూ ఉంటాయి. దారులు మునిగాక అడిగితే వాళ్లూ దారిలోనే చిక్కుకుంటారు. మొంథా సమయంలో దేవరకొండ మండలంలోనే ఒక గురుకులాన్ని నీళ్లు చుట్టుముట్టి విద్యార్థులను సహాయ సిబ్బంది బయటికి తేవాల్సి వచ్చింది. హాస్టళ్లు, గురుకులాలు జాబితాలో మొదటి వరుసలో ఉండాలి. తల్లిదండ్రులు పక్కన లేని పిల్లల గురించి అడిగేవాళ్లు ఆ రాత్రి ఎవరూ ఉండరు.

చాటింపు సంగతి. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అన్నది ప్రకటన కాదు. ఏ ఇంటివాళ్లూ తమది లోతట్టు అనుకోరు. ఇట్లా ఉండాలి: "వాగు ఒడ్డు గల్లీ, అంగన్‌వాడీ వెనుక ఇండ్లవాళ్లు రెండు గంటలకల్లా హనుమండ్ల గుడి దగ్గరికి రావాలె. నాలుగు ట్రాక్టర్లు ఉంటయి. మండలంలో ఫంక్షన్ హాలుకు తీస్కపోతరు. ఆధార్, పాస్‌బుక్, మందులు, ఒక జత బట్టలు, దుప్పటి తెచ్చుకోండ్రి. బర్లను, మేకలను ఒంటిగంటకే గుట్ట మీది దొడ్డికి తోలండ్రి." లంబాడీ తండాలో ఇదే మాట వాళ్ల భాషలో ఇంకోసారి చెప్పించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే సిగ్నల్ లేని ఇల్లు, ఫోన్ లేని ముసలమ్మ మిగిలిపోతారు. డప్పు, గుడి మైకు, ఇంటింటికీ తిరగడం, మూడూ కావాలి. తిరిగేవాళ్లు రేషన్ కార్డుల లెక్క పట్టుకుంటే సరిపోదు. అక్టోబరు, నవంబరుల్లో పత్తి ఏరడానికి వచ్చిన కూలీలు, పొలంలో షెడ్డు వేసుకున్న వాళ్లు, కోళ్లఫారాల్లో పనిచేసే పరరాష్ట్ర కుటుంబాలు ఏ కార్డులోనూ ఉండరు. నల్లమలలో చెంచు పెంటలకైతే (ఆవాసాలకు) ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), అటవీ సిబ్బంది తోడు లేకుండా ఎవరూ చేరలేరు.

ఎక్కడికి తీసుకెళ్లాలి? అలవాటుగా ఊరి బడి తాళం తీస్తారు. బడి చెరువు కట్ట కిందో, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలోనో, వాగు అవతల తండా వైపే ఉంటే అది శిబిరం కాదు. స్థలం లెక్క కూడా చూడండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణాల ప్రకారం మనిషికి 3.5 చదరపు మీటర్లు కావాలి. 20 అడుగులకు 20 అడుగుల తరగతి గదిలో పది మందే పడతారు. 250 మందికి అలాంటివి 25 గదులు, హాలయితే కనీసం సుమారు 9,400 చదరపు అడుగులు. నాలుగు గదుల బడి చాలదు, మండల కేంద్రంలో ఫంక్షన్ హాలే నయం, సెక్షన్ 65 కింద దాన్ని స్వాధీనం చేసుకునే వీలుంది. 30 మందికో మరుగుదొడ్డి, అంటే తొమ్మిది, ఆడవాళ్లకు వేరుగా, తలుపు గడియ పడేవి. తాగునీరు మనిషికి రోజుకు 3 లీటర్లు, 250 మందికి 20 లీటర్ల క్యాన్లు 38. పెద్దవాళ్లకు రోజుకు 2,400 కేలరీల తిండి, అంటే అటూఇటుగా అర కిలో బియ్యం, 75 గ్రాముల పప్పు, నూనె, కూరగాయలు. రోజుకు క్వింటాలుంబావు బియ్యం సిద్ధంగా ఉంచాలి. సెక్షన్ 61 సహాయంలో కులం, మతం, లింగం పేరిట తేడా చూపకూడదంటుంది. వంట దగ్గర, పడక దగ్గర వేరు వరుసలు పెట్టడం నేరుగా దాన్ని ఉల్లంఘించడమే.

రానంటున్నవాళ్లు ఉంటారు. వాళ్లను మొండివాళ్లని తిట్టడం తప్పు. చాలామంది ఆగేది పశువుల కోసం. 2022-26 కాలపు కేంద్ర నిబంధనల్లో పాడి బర్రె చనిపోతే ఇచ్చేది 37,500 రూపాయలు, అదీ కుటుంబానికి మూడింటికి మించి కాదు. మేక, గొర్రెకు 4,000, ముప్పైకి మించి కాదు. బర్రె ఖరీదు దానికన్నా ఎంత ఎక్కువో సంతకు పోయినవాళ్లకు తెలుసు, దానికీ పశువైద్యుడి పంచనామా కావాలి. కాబట్టి మనుషులకన్నా ముందు పశువులను ఎత్తుకు తోలండి, గడ్డి, నీళ్లు అక్కడ పెట్టండి, పశుసంవర్థక శాఖ అసిస్టెంట్‌ను పిలవండి. దూరంగా తోలే వీలు లేకపోతే పలుపులు విప్పేయాలి. కట్టేసిన పశువే మునిగిపోతుంది. రెండో భయం దొంగతనం, దానికి ఖాళీ చేసిన గల్లీ చివర పోలీసు కాపలా పెడతామని ఎస్సై తన నోటితో చెప్పాలి. చెప్పినా కదలకపోతే సెక్షన్ 51 ఉంది, ఆదేశం పాటించకపోతే ఏడాదిదాకా, దానివల్ల ప్రాణం పోతే రెండేళ్లదాకా శిక్ష. దాన్ని బెదిరింపుగా వాడితే జనం తలుపులు వేసుకుంటారు. ఆ ఇంటి ఆడబిడ్డతోనో, తండా నాయక్‌తోనో మాట్లాడిస్తే కదులుతారు.

ఖాళీ చేశాక లైన్‌మన్‌తో ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఆఫ్ చేయించండి, 1912కు కూడా చెప్పండి. ఇంటింటికీ సున్నంతో గుర్తు వేయండి, ఖాళీ అయిందో లేదో వెనక వచ్చేవాళ్లకు తెలుస్తుంది. శిబిరం దగ్గర దిగినవాళ్ల పేర్లను బయల్దేరిన జాబితాతో పోల్చండి. ఈ ఒక్క పని చేయకే ఒక మనిషి తక్కువైన సంగతి తెల్లారి తెలుస్తుంది. ట్రాక్టర్ వాళ్లకు బండి నంబరు, కిలోమీటర్లు, మొదలైన సమయం రాసి తహసీల్దార్ సంతకం చేయించిన చీటీ అదే రోజు ఇవ్వాలి. సెక్షన్ 66 వాళ్లకు డబ్బు ఇవ్వమంటుంది. ఒకసారి డబ్బు రాకపోతే మరుసటి ఏడు ఎవరూ బండి తీయరు.

మీ తండా విషయంలో ఇప్పుడు చేయాల్సింది. సెక్షన్ 31 ప్రకారం జిల్లా విపత్తు ప్రణాళిక ఉండాలి, ఏటా సరిచూడాలి. అందులో మీ ఆవాసం పేరు ఉందా, ఏ శిబిరం చూపించారు, ఎవరి బాధ్యత అని సమాచార హక్కు కింద అడగండి. రుసుము తహసీల్దార్ ఆఫీసులో 5 రూపాయలు, కలెక్టరేట్‌లో 10, పంచాయతీలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేరు లేకపోతే, కాజ్‌వే ఎన్నిసార్లు మునిగింది, ఇండ్లెన్ని, ట్రాక్టర్లెన్ని, పైన చెప్పిన గంటల లెక్క, అన్నీ ఒక పేజీలో రాసి గ్రామసభ తీర్మానం జతచేసి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి, రసీదు తీసుకోండి. విధి నిర్వహించని అధికారికి సెక్షన్ 56 కింద ఏడాదిదాకా శిక్ష ఉంది, సెక్షన్ 59 ప్రకారం కేసుకు ప్రభుత్వ అనుమతి కావాలి కాబట్టి అది దూరపు దారి. కానీ ముందే రాసిచ్చిన అర్జీ, రసీదు ఉన్న తండా విషయంలో "మాకు తెలియదు" అని ఎవరూ అనలేరు. మే మొదటి వారంలోపు ఇవ్వండి. జూన్‌లో వానాకాలం సన్నద్ధత సమావేశం పెట్టేనాటికి ఆ కాగితం ఫైల్లో ఉండాలి.